ఇంట్లోనే ఉన్నా ‘వెళ్లిపోయారు’ అనే హోమ్ అసిస్టెంట్: ఇలా కుదిరింది

హోమ్ అసిస్టెంట్ అంటే ఇంట్లోని లైట్లూ పరికరాలూ నడిపే సాఫ్ట్‌వేర్. ఫోన్‌లోని దాని యాప్ పంపే లొకేషన్ చూసి, నేను ఇల్లు దాటానని అనుకుంటే అన్నీ ఆపేసేలా పెట్టుకున్నాను. మా ఊరు పర్లాకిమిడి. ఫోన్ టేబుల్ మీదే ఉన్నా లొకేషన్ ఒక్కోసారి పక్కనున్న పాతపట్నం వైపు గెంతేది, గీజరూ గేటు లైటూ ఆరిపోయేవి. యాప్ తీసి మళ్లీ వేయడం, హోమ్ జోన్ (మ్యాప్‌లో ఇంటి చుట్టూ గీసే వృత్తం) పిన్ను జరపడం, ఫోన్ మార్చడం, ఏవీ పనిచెయ్యలేదు.

ముందు యాప్‌కి లొకేషన్ అనుమతి ‘ఎల్లప్పుడూ’ ఇచ్చి, బ్యాటరీ పొదుపు నుంచి మినహాయించాను. హోమ్ జోన్ వ్యాసార్థం 100 మీటర్ల నుంచి 250కి పెంచాను. దీంతో గెంతులు తగ్గాయి, పోలేదు. గదిలో జీపీఎస్ సరిగా అందక ఫోన్ టవర్ల మీద ఆధారపడితే తేడా కిలోమీటర్లలో ఉంటుంది మరి.

అసలు పనిచేసింది వై-ఫై. యాప్ సెన్సార్లలో వై-ఫై కనెక్షన్ ఆన్ చేసి, జోన్ బయట 10 నిమిషాలు ఉండటం, వై-ఫై పేరు ఇంటిది కాకపోవడం, ఈ రెండూ కలిస్తేనే ‘వెళ్లారు’ అనేలా పెట్టాను. రెండింటినీ ట్రిగ్గర్లుగానూ (ఆటోమేషన్‌ని మొదలుపెట్టేవి) షరతులుగానూ (అప్పుడు నిజమై ఉండాల్సినవి) రాయాలి; ఒక్కదాన్నే ట్రిగ్గర్ చేస్తే, రెండోది ఆలస్యమైన రోజు ఆటోమేషన్ కదలదు. ఇంటికి వచ్చినప్పుడు మాత్రం ఏదో ఒకటి చాలు.

కరెంటు పోతే రౌటరూ పోతుంది కాబట్టి దాన్ని ఇన్వర్టర్ లైనుకి మార్చాను.

ఇదంతా ఆండ్రాయిడ్ మాట. ఐఫోన్‌కీ ఇంతే అని హామీ ఇవ్వను.