రక్తపరీక్ష రిపోర్టు చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: సోరియాసిస్ ఉన్నవారికి సీఆర్‌పీ

ముందు పోయినసారి ఇంటిపని చూద్దాం. రక్తహీనత ఉన్న మనిషికి ఈఎస్ఆర్ 40 వచ్చింది, అదంతా సోరియాసిస్ (చర్మం మీద పొలుసుల మచ్చలొచ్చే జబ్బు) వల్లేనా అని అడిగాను. కాకపోవచ్చు. రక్తహీనత ఒక్కటే ఉన్నా ఈఎస్ఆర్ పెరుగుతుంది. నిలబెట్టిన సన్న గొట్టంలో ఎర్రకణాలు గంటలో ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగాయన్నదే కదా ఈఎస్ఆర్. కదపకుండా ఉంచిన మజ్జిగ మీద తేట తేలినట్టు, పైన పసుపుపచ్చటి ప్లాస్మా మిగులుతుంది. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్, అంటే లోపలి వాపు ఉంటే ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్ పెరుగుతుంది. అప్పుడు కణాలు రూపాయి బిళ్ళల దొంతరలా అతుక్కుని తొందరగా దిగుతాయి. కణాలే తక్కువున్నా తొందరగానే దిగుతాయి. వయసు, గర్భం కూడా ఆ అంకెను పెంచుతాయి.

ఇవాళ్టి పాఠం సీఆర్‌పీ, అంటే సి-రియాక్టివ్ ప్రోటీన్. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు న్యుమోనియా రోగుల రక్తంలో దీన్ని గుర్తించారు. న్యుమోనియా బ్యాక్టీరియాలోని 'సి' అనే పదార్థంతో కలిసి గడ్డకట్టింది కాబట్టి ఆ పేరు.

దీన్ని తయారుచేసేది కాలేయం. చర్మం మీద మచ్చలుంటే కాలేయానికేం పని అని చాలామంది అడుగుతారు. మంచి ప్రశ్న. సోరియాసిస్‌లో రోగనిరోధక కణాలు టీఎన్ఎఫ్, ఐఎల్-17, ఐఎల్-23 లాంటి ప్రోటీన్లతో ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటాయి. ఆ గొడవలో ఐఎల్-6 కూడా రక్తంలోకి వస్తే, అది కాలేయానికి కబురు మోస్తుంది. కాలేయం సీఆర్‌పీని వదులుతుంది. అయితే ఆ కబురు చర్మం నుంచే రావాలని లేదు. పంటి చీము, జ్వరం, పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు, ఏది పంపినా కాలేయం ఒకేలా స్పందిస్తుంది. అందుకే ఈ అంకె చూసి ఒంట్లో ఎక్కడో ఇన్‌ఫ్లమేషన్ ఉందని చెప్పగలం గానీ, ఎక్కడుందో చెప్పలేం.

ఇక చదవడం. అంకె కన్నా ముందు దాని పక్కనున్న యూనిట్ మీద వేలు పెట్టండి. ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను చెన్నైలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. మా పిన్ని కూతురు అంబత్తూరులో ఉంటుంది, ఎనిమిదేళ్లుగా సోరియాసిస్. ఒకరోజు రాత్రి ఫోన్ చేసి ఏడుపు. "అక్కా, మూడు నెలల్లో పదింతలైంది, మందు పనిచేయట్లేదు, మానేస్తాను." రెండు రిపోర్టులూ వాట్సాప్‌లో పంపమన్నాను. మొదటిది ఒక ల్యాబ్‌ది, 1.2. రెండోది ఇంకో ల్యాబ్‌ది, 12. మొదటిదాని పక్కన చిన్న అక్షరాల్లో డెసిలీటరుకు మిల్లీగ్రాములని ఉంది, రెండోదాని పక్కన లీటరుకు మిల్లీగ్రాములని ఉంది. లీటరుకు పది డెసిలీటర్లు. అంటే రెండూ ఒకటే! ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, రిపోర్టేమో ఇంగ్లీషు. ఆ రాత్రి తను పడ్డ టెన్షన్ ఇంకెవరూ పడకూడదనే ఈ పాఠాలు మొదలుపెట్టాను. ఇకనుంచి మీ పాత రిపోర్టులన్నీ లీటరు లెక్కలోకి మార్చి, ఒకే నోటుబుక్కులో రాసుకోండి. వీలైతే ప్రతిసారీ ఒకే ల్యాబ్‌కి వెళ్లండి.

తర్వాత తేదీ. ఒంట్లో ఏదైనా రేగితే సీఆర్‌పీ కొన్ని గంటల్లోనే పెరగడం మొదలై, దాదాపు రెండు రోజులకు శిఖరానికి చేరుతుంది. రేపింది తగ్గాక దాదాపు 19 గంటలకోసారి సగమవుతుంది. కాబట్టి పరీక్షకు ముందు వారం జలుబు, జ్వరం, పన్ను పీకించుకోవడం లాంటివి ఉంటే అంకె పక్కనే రాయండి.

హై సెన్సిటివిటీ సీఆర్‌పీ అని ఉంటే, కొలిచే ప్రోటీన్ అదే. తక్కువ అంకెలను కూడా కచ్చితంగా పట్టుకునే పరీక్ష అది, గుండె జబ్బు ముప్పు అంచనాకు వాడతారు. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు తక్కువ ముప్పు, 1 నుంచి 3 మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ. 10 దాటితే ముందు ఇన్ఫెక్షన్ ఏమైనా ఉందేమో చూసి, తగ్గాక మళ్లీ చేయిస్తారు. సోరియాసిస్ ఎక్కువగా ఉన్నవారికి గుండె ముప్పు కూడా ఎక్కువే, ఈ వరుస దాటేయకండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇప్పుడు చెబుతున్నాను. సీఆర్‌పీ నార్మల్‌గా ఉన్నా కీళ్లలో సోరియాటిక్ ఆర్థ్రైటిస్, అంటే సోరియాసిస్‌తో వచ్చే కీళ్లవాపు ఉండొచ్చు. చాలామందికి అలాగే ఉంటుంది. ఆ జబ్బును గుర్తించడానికి 2006లో వచ్చిన కాస్పర్ ప్రమాణాల్లో సీఆర్‌పీ అసలు లేదు. గోళ్ల మీద గుంటలు, వేలంతా ఉబ్బడం లాంటివి ఉన్నాయి. మా చెల్లెలికి పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోయి, గంటదాకా దోసె పెనం పట్టుకోలేకపోయేది. "సీఆర్‌పీ నార్మలే, కీళ్లకేం లేదు" అని ఒక డాక్టరు పంపేశారు. కీళ్లవాతం చూసే డాక్టరు, రుమటాలజిస్టు మాత్రం ఆమె గోళ్లు, మడమలు నొక్కి చూసి తేల్చారు. కాబట్టి నోటుబుక్కులో సీఆర్‌పీ పక్కన ఇంకో గడి గీయండి. పొద్దున వేళ్ల బిగుతు ఎన్ని నిమిషాలో అందులో రాయండి, ఆ పేజీ డాక్టరుకు చూపించండి.

ఇంటిపని: జనవరిలో డెసిలీటరుకు 0.9, మార్చిలో లీటరుకు 7. మార్చి పరీక్షకు నాలుగు రోజుల ముందు జ్వరం, పొద్దున బిగుతు 10 నిమిషాల నుంచి 45కి పెరిగింది. డాక్టరుకు ఏం చెబుతారో మూడు వాక్యాల్లో రాయండి. జవాబు 5వ పాఠంలో.