అక్వేరియం చేపకు పొట్ట ఉబ్బితే ఎలా గుర్తించాలి, ఎలా నయం చేయాలి?

నిన్నటిదాకా చలాకీగా తిరిగిన చేప ఇవాళ పొట్ట ఉబ్బి ఓ మూలన నిలబడిపోతే ఎవరికైనా టెన్షన్ వస్తుంది. చేతికి అందిన మందేదో ట్యాంకులో పోసేయాలనిపిస్తుంది. దయచేసి ఆ పని మాత్రం చేయకండి. మేత ఎక్కువైనా పొట్ట ఉబ్బుతుంది, మలబద్ధకం వచ్చినా ఉబ్బుతుంది. గుడ్లు నిండినా, పేగుల్లో పురుగులు పడినా, కిడ్నీలు దెబ్బతిన్నా బయటికి కనిపించేది అదే పొట్ట. ఒకదానికి పనిచేసే మందు ఇంకోదానికి ఏమాత్రం పనిచేయదు, పైగా అసలే నీరసంగా ఉన్న చేపను ఇంకా కుంగదీస్తుంది. అందుకే మొదట కారణం ఏమిటో తేల్చుకోవాలి. దానికి ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు, కాస్త ఓపిక ఉంటే చాలు. ఇక్కడ చెప్పేదంతా మంచినీటి చేపల గురించే.

1. చేపను పట్టుకోకుండా, ఉన్నచోటే చూడండి

వల వేసి పట్టుకుంటే చేప బెదిరిపోతుంది, చూడాల్సినవి కనబడవు. ట్యాంకు లైటు వేసి, ముందు పైనుంచి చూడండి. నీటి మీద అలలు ఉంటే సరిగ్గా కనిపించదు కాబట్టి, ఫిల్టర్‌ను ఒకట్రెండు నిమిషాలు ఆపి, చూడటం కాగానే మళ్లీ వేయండి.

ఆరోగ్యంగా ఉన్న చేప పొలుసులు ఒంటికి అతుక్కుని ఉంటాయి. పైనుంచి చూస్తే తల దగ్గర్నుంచి తోక దాకా అంచు నున్నగా సాగిపోతుంది. ఒంట్లో నీరు చేరడం మొదలైన చేపలో ఆ నునుపు చెదిరిపోతుంది. మొదట పొట్ట పక్కనుండే రెండు మూడు వరుసల పొలుసులే కాస్త పైకి లేస్తాయి. చేప పక్కకు తిరిగినప్పుడు ఒక్కో పొలుసు కింద సన్నటి నీడ కనబడుతుంది. ముదిరేకొద్దీ ఒళ్లంతా సీతాఫలం తొక్కలా బొడిపెలు తేలుతుంది. దీన్నే డ్రాప్సీ అంటారు. పక్కనుంచి చూసేవాళ్లు చాలాసార్లు ముదిరాకే గమనిస్తారు, పైనుంచి చూస్తే మొదట్లోనే పట్టుకోవచ్చు.

అయితే పెర్ల్‌స్కేల్ గోల్డ్‌ఫిష్ పొలుసులు పుట్టుకతోనే ఉబ్బెత్తుగా ఉంటాయి, పొట్టా గుండ్రంగానే ఉంటుంది. బెలూన్ మోలీ ఆకారమే అంత. వాటిని చూసి కంగారుపడొద్దు. మీ చేప మామూలుగా ఎలా ఉంటుందో మీకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు, దాంతోనే పోల్చుకోండి. క్యాట్‌ఫిష్‌లలో పొలుసులు లేవు కాబట్టి వాటిలో కళ్లు బయటికి పొడుచుకురావడం, మలద్వారం ఉబ్బడం లాంటి గుర్తులు చూడాలి.

ఆ తర్వాత పక్కనుంచి చూడండి. వాపు రెండు వైపులా సమానంగా ఉందా, ఒక పక్కకే ఉందా? ఒకే పక్క గట్టిగా, వారాల తరబడి నెమ్మదిగా పెరుగుతూ వచ్చిన వాపు కణితి కావచ్చు. గోల్డ్‌ఫిష్‌లో అయితే కిడ్నీ పెరిగిపోయినా ఇలాగే ఉంటుంది. ఒక్క రాత్రిలో ఉబ్బిందంటే మేత మీదో, ఇన్ఫెక్షన్ మీదో అనుమానపడాలి.

మలాన్ని గమనించడం చాలామంది వదిలేస్తారు, నిజానికి చాలా విషయాలు అదే చెబుతుంది. మామూలుగా అది మేత రంగులో ఉండి, కాసేపటికే తెగి పడిపోతుంది. తెల్లగా, జిగటగా, పొడుగాటి దారంలా వేలాడుతుంటే చేప మేత మానేసి ఉండాలి, లేదా పేగుల్లో పరాన్నజీవులు ఉండాలి. మలద్వారంలోంచి ఎర్రటి సన్నని పోగులు బయటికి వచ్చి, చేప కదలగానే లోపలికి పోతుంటే అవి కమల్లానస్ పురుగులు. ఈ గుర్తు కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

చివరగా, మేత వేస్తే వస్తోందా లేదా చూడండి. ఉబ్బిన పొట్టతోనైనా ఉరికి వచ్చి తినే చేప విషయంలో ధైర్యంగా ఉండొచ్చు.

2. నీళ్లు పరీక్షించండి

చూడటం కాగానే టెస్ట్ కిట్ తీయండి. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా ఉండాలి. నైట్రేట్ లీటరుకు 40 మిల్లీగ్రాములు దాటకూడదు, 20 లోపు ఉంటే ఇంకా మంచిది. మొదటి రెండిటిలో ఏది కనిపించినా మూడో వంతు నుంచి సగం దాకా నీళ్లు మార్చండి. కొత్త నీటి వేడి ట్యాంకు నీటితో సమానంగా ఉండాలి, కుళాయి నీళ్లయితే యాంటీ క్లోరిన్ తప్పనిసరి. పీహెచ్ పెరిగినా, నీళ్లు వేడెక్కినా అమ్మోనియా విషం ఎక్కువవుతుంది, కాబట్టి అంకె చిన్నదే కదా అని వదిలేయొద్దు.

రోగం ఏదైనా సరే, నీళ్లు బాగోకపోతే ఏ మందూ పనిచేయదు. నా అనుభవంలో అన్నిటికన్నా ఎక్కువ చేపల్ని కాపాడింది మందు సీసా కాదు, శుభ్రమైన నీళ్లే.

3. కడుపుతో ఉందేమో చూసుకోండి

గప్పీ, మోలీ, ప్లాటీ, స్వార్డ్‌టెయిల్ పిల్లల్ని కంటాయి. ఆడచేప మలద్వారం దగ్గర నల్లటి మచ్చ పెద్దదవుతూ, పొట్ట ముందు వైపు చదునుగా, పలకలా మారుతుంటే ప్రసవం దగ్గరపడినట్టే. గప్పీకి దాదాపు నాలుగు వారాలు పడుతుంది. ట్యాంకులో మగచేప లేకపోయినా ఇది సాధ్యమే, ఎందుకంటే మగదాని వీర్యాన్ని ఇవి నెలల తరబడి దాచుకోగలవు. గుడ్లు పెట్టే జాతుల్లో ఆడచేప గుడ్లతో నిండినా తింటూ తిరుగుతూ హుషారుగానే ఉంటుంది. అలాంటప్పుడు చేయాల్సిందేమీ లేదు, వదిలేయండి.

4. వేరే ట్యాంకులోకి మార్చండి

గర్భం కాదని తేలితే, 10 నుంచి 20 లీటర్లు పట్టే చిన్న ట్యాంకు సిద్ధం చేయండి. చేప పెద్దదైతే ట్యాంకూ పెద్దదే ఉండాలి. అడుగున రాళ్లు, ఇసుక వేయొద్దు. అడుగు ఖాళీగా ఉంటేనే మలం ఎలా ఉందో రోజూ తెలుస్తుంది. పెద్ద ట్యాంకు నీళ్లనే వాడండి, అవి బాగుంటేనే సుమా. అక్కడ ఇప్పటికే నడుస్తున్న స్పాంజ్ ఫిల్టర్ ఉంటే దాన్నే తెచ్చి పెట్టండి. అందులో అమ్మోనియాను హరించే బ్యాక్టీరియా ముందే ఉంటుంది. దాక్కోవడానికి ఒక కుండ ముక్కో, పైపు ముక్కో వేసి, లైటు తగ్గించండి. ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ (నల్లటి బొగ్గు ముక్కలు) ఉంటే తీసేయండి, అది మందును పీల్చేస్తుంది.

5. ముందు పస్తు, ఆ తర్వాతే మందు

పొలుసులు లేవకుండా, పురుగులు కనబడకుండా, పొట్ట మాత్రమే ఉబ్బి ఉంటే చాలావరకు అది మేత వల్ల వచ్చిన చిక్కే. గోల్డ్‌ఫిష్‌కి, కార్ప్ జాతి చేపలకి అసలు జీర్ణాశయమే ఉండదు, తిన్నది నేరుగా పేగుల్లోకి పోతుంది. ఒకేసారి ఎక్కువ తింటే దాచుకునే చోటు లేదు. వాటికి పొడి గుళికలు గుప్పెడు వేస్తే ఏమవుతుందో ఊహించండి.

రెండు మూడు రోజులు మేత పూర్తిగా ఆపండి. పెరిగిన చేపకు ఇది ఏమాత్రం హాని కాదు, అయ్యో పస్తు పెడుతున్నానే అని బాధపడొద్దు. చిన్న చేపపిల్లలకు మాత్రం ఇలా చేయకూడదు.

పస్తు తర్వాత గోల్డ్‌ఫిష్, మోలీ లాంటివాటికి పచ్చి బఠానీ పెట్టొచ్చు. ఉప్పు వేయకుండా మెత్తగా ఉడకబెట్టి, చల్లార్చి, రెండు వేళ్లతో నొక్కితే తొక్క ఊడి వస్తుంది. లోపలి పప్పును చేప కన్నుకన్నా చిన్న ముక్కలుగా చేసి, ఒక్కొక్కటే వేయండి. ఐదు నిమిషాల్లో తినకపోతే తీసేయండి, లేదంటే అదే కుళ్లి నీళ్లు పాడుచేస్తుంది. బెట్టా పురుగులు తిని బతికే చేప. దానికి బఠానీ కన్నా డాఫ్నియా అనే బుల్లి నీటి పురుగు నయం. డాఫ్నియా పైపెంకు అరగక పేగును కదిలిస్తుంది.

దీంతో పాటు ఎప్సం సాల్ట్ వాడొచ్చు. ఇది మెగ్నీషియం సల్ఫేట్. వంటింటి ఉప్పు, అక్వేరియం సాల్ట్ వేరే పదార్థాలు, ఒకదాని బదులు ఇంకోటి వేయొద్దు. రంగు, వాసన కలపనిదే తీసుకోండి. 10 లీటర్లకు ఒక టీస్పూన్, అంటే సుమారు 5 గ్రాములు. ఒక మగ్గు ట్యాంకు నీటిలో పూర్తిగా కరిగించి, గంటసేపట్లో కొంచెం కొంచెంగా పోయండి. నీళ్లు ఆవిరైనా ఉప్పు ట్యాంకులోనే ఉండిపోతుంది. కాబట్టి 3 లీటర్లు మారిస్తే ఆ 3 లీటర్లకు సరిపడా మాత్రమే మళ్లీ వేయాలి. ఈ లెక్క తప్పితే మోతాదు రోజురోజుకూ పెరిగిపోతుంది.

మూడు నాలుగు రోజుల్లో మలం బయటికొచ్చి, పొట్ట తగ్గితే సమస్య తీరినట్టే.

6. పరాన్నజీవులు ఉంటే

కమల్లానస్‌కు లెవామిసోల్ బాగా పనిచేస్తుంది. నీటిలో వేసే మోతాదు లీటరుకు 2 మిల్లీగ్రాములు, 24 గంటలు ఉంచాలి. వెలుతురుకు ఈ మందు బలం తగ్గిపోతుంది కాబట్టి లైటు ఆర్పేయాలి. ఇది పురుగును చంపకుండా పక్షవాతం తెప్పిస్తుంది, అది పట్టు విడిచి కిందపడుతుంది. కనుక మర్నాడు అడుగంతా సైఫన్ (నీళ్లు లాగే గొట్టం) పెట్టి లాగేసి, నీళ్లు మార్చడం చికిత్సలో సగం పని. రెండు మూడు వారాలకు మళ్లీ ఒకసారి వేయాలి. ఒక చేపలో పురుగు బయటికి కనిపించిందంటే మిగతావాటిలోనూ ఉండే ఉంటుంది, కాబట్టి ఇక్కడ మాత్రం పెద్ద ట్యాంకు మొత్తానికీ మందు వేయాలి.

బద్దెపురుగులకు ప్రాజిక్వాంటెల్ వాడతారు. ఏంజెల్, డిస్కస్, ఆస్కార్ లాంటి సిచ్లిడ్‌లు తెల్ల దారంలాంటి మలం వేస్తూ మేత మానేస్తే మెట్రోనిడజోల్. 40 లీటర్లకు 250 మిల్లీగ్రాములు, నీళ్లు కొంత మారుస్తూ రోజూ ఒకసారి చొప్పున ఐదు రోజులు. చేప ఇంకా తింటుంటే మేతలో కలిపి ఇవ్వడమే మేలు, మందు నేరుగా పేగుల్లోకి చేరుతుంది. మలావీ సరస్సు నుంచి వచ్చిన నాచు తినే సిచ్లిడ్‌లకు మాంసపు మేత ఎక్కువ పెట్టినా పొట్ట ఉబ్బుతుంది. వాటికి మందుతో పాటు మేత కూడా మార్చాలి.

7. పొలుసులు లేస్తే

ఇది కష్టమైన దశ, ఆలస్యం చేయకూడదు. మంచినీటి చేప ఒంట్లో ఉప్పు చుట్టూ ఉన్న నీటికన్నా ఎక్కువ. అందువల్ల నీళ్లు మొప్పల ద్వారా ఎప్పుడూ లోపలికి వస్తూనే ఉంటాయి, కిడ్నీలు వాటిని పలచటి మూత్రంగా బయటికి తోడుతూనే ఉంటాయి. ఆ తోడటం ఆగితే నీరు పొట్టలో నిలిచి పొలుసుల్ని పైకి నెడుతుంది. ఏరోమోనాస్ లాంటి బ్యాక్టీరియా చాలాసార్లు దీని వెనకుంటుంది. అది ట్యాంకు నీటిలో ముందునుంచే ఉంటుంది, చేప బలహీనపడినప్పుడు అదను చూసుకుని దాడి చేస్తుంది.

చేపను వెంటనే వేరు చేసి, పైన చెప్పిన మోతాదులో ఎప్సం సాల్ట్ వేసి, రోజూ పావు వంతు నీళ్లు మార్చండి. గాలి పంపు గట్టిగా నడపండి. వేడి పెంచొద్దు, పెంచితే నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. యాంటీబయాటిక్ అవసరమే, కానీ ఏది, ఎంత అన్నది చేపల వైద్యం తెలిసిన పశువైద్యుల్ని అడిగి వాడండి. సగం కోర్సుతో ఆపేయడం, రెండు మూడు మందులు కలిపేయడం రెండూ ప్రమాదమే. యాంటీబయాటిక్ వేసిన నీటిలో ఫిల్టర్ బ్యాక్టీరియా కూడా చనిపోవచ్చు కాబట్టి అమ్మోనియా రోజూ చూసుకోవాలి.

రెండు మూడు వరుసల పొలుసులు లేచినప్పుడే మొదలుపెడితే కోలుకునే అవకాశం ఉంది. ఒళ్లంతా లేచి, కళ్లు పొడుచుకొచ్చి, మేత మానేసిన చేప బతకడం అరుదు. అది బాధపడుతూ పక్కకు ఒరిగిపోతుంటే నొప్పి లేకుండా పోనివ్వడమే దయ. లవంగ నూనెను సుమారు 0.4 మిల్లీలీటర్లు కొద్దిగా గోరువెచ్చటి నీటిలో తెల్లగా అయ్యేదాకా గిలక్కొట్టి, చేప ఉన్న లీటరు నీటిలో కలపండి. మొప్పలు ఆడటం ఆగిపోయాక కూడా కనీసం పది నిమిషాలు అందులోనే ఉంచాలి. ఫ్రీజర్లో పెట్టడం, టాయిలెట్లో వదిలేయడం దానికి నరకం.

8. కోలుకున్నాక

పొట్ట తగ్గి, మామూలు రంగులో మలం వేస్తూ, వారం పాటు బాగా తిన్నాకే పెద్ద ట్యాంకులోకి మార్చండి. మారుస్తున్నప్పుడు రెండు నీళ్లను కొంచెం కొంచెంగా కలుపుతూ గంటసేపు అలవాటు చేయండి. ఇకనుంచి రోజుకు రెండుసార్లు, ఒకట్రెండు నిమిషాల్లో తినేయగలిగినంతే వేయండి. గుళికలైతే ముందు నానబెట్టండి. వారంలో ఒక రోజు మేత మానేస్తే ఇంకా మంచిది.

రోగం వచ్చిన ట్యాంకులో వాడిన వల, సైఫన్ వేరేవాటిలో పెట్టకుండా శుభ్రంగా కడిగి, పూర్తిగా ఆరబెట్టండి. చేతి మీద గాయాలుంటే గ్లవ్స్ వేసుకోండి, సైఫన్‌ను నోటితో ఎప్పుడూ లాగొద్దు. చేపల్లో క్షయ లాంటి జబ్బు తెచ్చే మైకోబ్యాక్టీరియం మారినమ్ గాయాల ద్వారా మనుషుల చర్మానికీ సోకుతుంది. పని అయ్యాక చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోండి.