పాత బుల్లెట్‌కి ఛార్జింగ్ ఎలా రప్పించానంటే

నాన్నగారి పాత బుల్లెట్‌లో హెడ్‌లైట్ వేస్తే చాలు, బ్యాటరీ దిగిపోయేది. మెకానిక్ చూడకుండానే కరెంటు పుట్టించే కాయిల్ (స్టేటర్) మార్చేద్దామన్నాడు. నేను మల్టీమీటర్ తీశా. రేజ్ చేసినా బ్యాటరీ దగ్గర 12.5 వోల్టులే, 14 దాకా రావాలి. స్టేటర్ వైర్ల కప్లర్ ఊడదీసి, మీటర్‌ని ఏసీ వోల్టేజ్‌లో పెట్టి చూస్తే వోల్టేజ్ చక్కగా పెరుగుతోంది, బాడీకి షార్ట్ కూడా లేదు. కాయిల్ నిక్షేపంగా ఉంది.

ఇంజన్ నడుస్తుండగా మీటర్ ప్రోబ్ ఒకటి రెగ్యులేటర్ (కాయిల్ కరెంటుని బ్యాటరీకి సరిపడేలా మార్చేది) బాడీకి, ఇంకోటి బ్యాటరీ నెగటివ్‌కి ఆనిస్తే 1.6 వోల్టులు! సున్నాకి దగ్గరగా ఉండాలది. ఫ్రేమ్‌కి కొత్త పెయింట్ వేసినవాళ్ళు రెగ్యులేటర్‌ని ఆ పెయింట్ మీదే బిగించేశారు. పెయింట్ కరెంటుని పోనివ్వదు, ఇక ఎర్త్ (బ్యాటరీ నెగటివ్‌కి దారి) ఎక్కడ దొరుకుతుంది? బోల్టు చుట్టూ ఇనుము మెరిసేదాకా ఎమరీ పేపర్‌తో గీకి, బాడీ నుంచి బ్యాటరీ నెగటివ్‌కి మందపాటి వైరు విడిగా లాగాను. ఇప్పుడు 14.1 వస్తోంది. హెడ్‌లైట్ వేసినా 13.6 కంటే దిగట్లేదు.