అకౌంటెంట్‌ను మార్చే ముందు ఈ పని చేయండి

చిన్న షాపు, హోల్‌సేల్ నడిపేవాళ్లకు ఒక మాట. అకౌంటెంట్ "జీఎస్టీ రిటర్న్ వేసేశాను సార్" అంటే నమ్మండి, కానీ నెలకోసారి మీ కళ్లతో కూడా చూసుకోండి. జీఎస్టీ పోర్టల్‌లో దీనికి లాగిన్ అక్కర్లేదు. 'సెర్చ్ టాక్స్‌పేయర్'లో మీ జీఎస్టీ నంబరు కొడితే ఏ నెల రిటర్న్ ఏ తేదీన పడిందో కనిపిస్తుంది. నెలనెలా వేసేవాళ్లకు అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1 గడువు తర్వాతి నెల 11వ తేదీ, పన్ను లెక్క చూపి కట్టే జీఎస్టీఆర్-3బీకి 20.

ఒకసారి రెండు రోజులు ఆలస్యమైందని మనిషిని మార్చక్కర్లేదు. నిజం చెప్పాలంటే, 18వ తేదీన బిల్లులన్నీ సంచిలో వేసి పంపేది మనమే! మీరు టైముకిచ్చినా వరుసగా రెండు మూడు నెలలు లేటైతే మాత్రం వెతుక్కోవడం మొదలుపెట్టండి. ఆలస్యమైన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ, రోజుల లెక్కన లేటు ఫీజు పడతాయి. వరుసగా రెండు 3బీలు ఆగితే సరుకు రవాణాకు కావాల్సిన ఈ-వే బిల్లు కూడా రాదు, సరుకు గోడౌన్‌లోనే.

పోర్టల్‌లో ఉన్న ఫోన్ నంబరు, మెయిల్ ఎవరివి? చాలామందివి అకౌంటెంట్‌వే ఉంటాయి. ఓటీపీలన్నీ ఆయనకే వెళ్తాయి. మానేయమని చెప్పకముందే వాటిని మీ పేరు మీదికి మార్చుకోండి. పాస్‌వర్డ్ కూడా తెలియకపోతే గుర్తింపు పత్రాలతో మీ పరిధిలోని జీఎస్టీ అధికారిని కలవండి. లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లో తీసుకుని, వేరే కంప్యూటర్‌లో తెరిచి చూశాకే చివరి జీతం లెక్క తేల్చండి.

నెలకు వంద బిల్లులు దాటని షాపుకైతే పూర్తికాలపు మనిషి కన్నా బయట ఆఫీసుకి అప్పగించడమే నయం అని నా లెక్క.