ముందు క్రియ, తర్వాతే సెక్షన్: క్రిమినల్ లా ప్రాబ్లమ్ ప్రశ్నకు జవాబు రాసే పద్ధతి

నేను సెషన్స్ కోర్టులో పద్నాలుగేళ్లుగా డిఫెన్స్ వైపు వాదిస్తున్నాను. ఆదివారాలు మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ పిల్లలకు క్రైమ్స్ పేపర్ చెప్తాను. వాళ్లు రాసిన జవాబులు దిద్దుతుంటే సగం కాగితాల్లో మొదటి వాక్యం ఒకటే: "ఈ సమస్యలో ఎ ఆత్మరక్షణ హక్కు కింద రక్షణ పొందుతాడు." మార్కులు అక్కడే పోతాయి. ఏ నేరమో తేలకముందే దాని నుంచి ఎలా బయటపడతాడో రాస్తే గోడ కట్టకుండా తలుపుకు తాళం వేసినట్టే. ఈ ఒక్క అలవాటు మానితే మిగతాదంతా నేర్చుకోవచ్చు.

ఏటా క్లాసులో ఇచ్చే సమస్య ఒకటుంది. దాన్నే పట్టుకుని చెప్తాను.

"2025 జనవరిలో ఒక రాత్రి పదకొండు గంటలకు బి కిటికీ ఊచలు తొలగించి ఎ ఇంట్లోకి దూరాడు. అతని చేతిలో కత్తి ఉంది. మెలకువ వచ్చిన ఎ మూలనున్న దుడ్డుకర్ర తీసి బి మోకాలి మీద కొట్టాడు. బి కింద పడ్డాడు, కత్తి జారి మంచం కిందకు పోయింది. బి లేచి కుంటుతూ కిటికీ వైపు వెళ్తుండగా ఎ వెనక నుంచి అతని తల మీద రెండుసార్లు కొట్టాడు. మూడో రోజు బి ఆసుపత్రిలో చనిపోయాడు. ఎ నేర బాధ్యతను చర్చించండి."

ముందు పెన్సిల్ తీసుకుని ఎ చేసిన పనులను చెప్పే క్రియాపదాల కింద గీత గీయండి. "కొట్టాడు" రెండుసార్లు వస్తుంది. అంటే రెండు పనులు, రెండు వేర్వేరు చర్చలు. "ఎ కర్రతో కొట్టి బిని చంపాడు" అని కలిపి రాసిన విద్యార్థికి ఈ సమస్యలో సగం కనిపించలేదన్నమాట. రెండు దెబ్బల మధ్య కత్తి చెయ్యి జారింది, బి వీపు తిప్పాడు. ప్రశ్న తయారుచేసినవాళ్లు ఆ వాక్యాన్ని ఊరికే పెట్టరు.

రెండోసారి చదివేటప్పుడు మిగతా మాటలను చూడండి. రాత్రి, ఊచలు తొలగించి, మూలనున్న, వెనక నుంచి, తల మీద, రెండుసార్లు, మూడో రోజు. ప్రతి మాట పక్కన "ఇది ఎందుకుంది?" అని రాసుకోండి. తేదీ కూడా వదలొద్దు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. అంతకుముందు జరిగిన నేరమైతే ఇప్పటికీ 1860 నాటి ఐపీసీనే, అంటే పాత భారత శిక్షాస్మృతే. మన సమస్య 2025లోది కాబట్టి సంహిత సెక్షన్లు రాయాలి. పాత తీర్పులన్నీ ఐపీసీ నంబర్లతో ఉంటాయి గనుక కేసు చెప్పినప్పుడు పాత నంబరు కూడా పక్కన రాయడం మంచిది.

మోకాలి దెబ్బ గురించి నాలుగు వాక్యాలు చాలు. కావాలని గాయపరచడం, సెక్షన్ 115. ఎముక విరిగితే తీవ్ర గాయం అవుతుంది గానీ సమస్యలో ఆ మాట లేదు. లేని వాస్తవాన్ని మీరు కల్పించకండి, "విరిగి ఉంటే" అని ఒక షరతు పెట్టి వదిలేయండి. అప్పుడు బి చేతిలో కత్తి ఉంది, రాత్రిపూట ఇల్లు పగలగొట్టి వచ్చాడు. ఆత్మరక్షణ హక్కు ఎకు పూర్తిగా ఉంది. ఇక్కడ నేరం లేదు.

అసలు పని తల దెబ్బల దగ్గర. ఇక్కడ మెట్ల వరుస తప్పకూడదు. ఆ వరుసను చక్కగా చెప్పినది మన దగ్గరి కేసే: స్టేట్ ఆఫ్ ఏపీ వర్సెస్ రాయవరపు పున్నయ్య, 1976. అప్పటి గుంటూరు జిల్లా రొంపిచర్ల గొడవల్లో ఒక మనిషిని కాళ్ల మీద, చేతుల మీద దుడ్డుకర్రలతో కొట్టి చంపారు. దెబ్బలు ఆయువుపట్టు మీద పడలేదని హైకోర్టు దాన్ని హత్య కాదంది. సుప్రీంకోర్టు హత్యేనంది. పరీక్షకు పనికొచ్చేది తీర్పు ఫలితం కంటే అది చూపించిన క్రమం: నిందితుడి పని వల్లే చావు జరిగిందా? జరిగితే, అది నేరపూరిత నరహత్య (చావు కలిగించే ఉద్దేశంతోనో, కలగవచ్చని తెలిసో చావుకు కారణమవడం, సెక్షన్ 100) అవుతుందా? అయితే, హత్య నిర్వచనంలోని నాలుగు క్లాజుల్లో దేనిలోనైనా పడుతుందా? పడితే, హత్యకున్న మినహాయింపుల్లో ఏదైనా వర్తిస్తుందా? నా విద్యార్థులు ఈ నాలుగు ప్రశ్నలనూ జవాబు కాగితం మార్జిన్‌లో ముందే రాసుకుంటారు.

మొదటి ప్రశ్నకు "మూడో రోజు ఆసుపత్రిలో" అన్న మాట అడ్డొస్తుంది. డాక్టర్లు బాగా చూసి ఉంటే బతికేవాడేమో కదా అని ఎ వైపు వాదన. సెక్షన్ 100 రెండో వివరణ దానికి తలుపు మూసేస్తుంది: సరైన వైద్యంతో చావు తప్పి ఉండేదైనా సరే, గాయం చేసినవాడే చావుకు కారకుడు. రెండే వాక్యాలు. చాలామంది ఇక్కడ పేజీ నింపి, తర్వాత టైమ్ చాలక టెన్షన్ పడతారు.

తర్వాత మనసు. ఎ ఏమనుకున్నాడో మనకు తెలియదు, పనిని బట్టే ఊహించాలి. ఆయుధమేమిటి, దెబ్బ ఎక్కడ, ఎన్ని, ఎంత బలంగా అన్నవే ఆధారాలు. దుడ్డుకర్ర, తల, రెండుసార్లు. చంపాలనే ఉద్దేశం లేదనుకున్నా, ఆ గాయం చేయాలనే ఉద్దేశం ఉండి, ఆ గాయం సాధారణంగా చావుకు సరిపోయేదైతే హత్యను నిర్వచించే సెక్షన్ 101 క్లాజ్ (సి) కిందకు వస్తుంది. ఇది 1958 నాటి విర్సా సింగ్ కేసు సూత్రం. గాయం చావుకు సరిపోతుందని అతనికి తెలిసి ఉండాలా? అక్కర్లేదు. ఆ గాయమే చేయాలనుకున్నాడా అన్నది ఒక్కటే అతని మనసుకు సంబంధించినది. గాయం ఎంత ప్రమాదకరమో వైద్య సాక్ష్యం తేలుస్తుంది. ఈ తేడా ఒక వాక్యంలో రాయగలిగితే దిద్దేవారు ఆగి చదువుతారు.

ఇప్పుడు, ఇక్కడిదాకా వచ్చాకే, రక్షణలు.

రక్షణలు రెండు రకాలు, వీటిని కలిపేయడమే రెండో పెద్ద తప్పు. మూడో అధ్యాయంలోని సాధారణ మినహాయింపులు, అంటే సెక్షన్ 14 నుంచి 44 వరకు, వర్తిస్తే అసలు నేరమే లేదు. సెక్షన్ 101లోని అయిదు మినహాయింపుల్లో ఏదైనా వర్తిస్తే హత్య కాకుండా పోతుంది, నేరం మాత్రం మిగులుతుంది. ముందు పూర్తి రక్షణ చూడాలి. అది నిలవకపోతేనే పాక్షికం.

రాత్రిపూట ఇల్లు పగలగొట్టి వచ్చినవాడి విషయంలో ఆస్తి రక్షణ హక్కు చంపేదాకా వెళ్తుంది, సెక్షన్ 41. ఆ హక్కు ఎప్పటిదాకా? సెక్షన్ 43 ప్రకారం ఆ అక్రమ ప్రవేశం కొనసాగినంతసేపు. బి ఇంకా గదిలోనే ఉన్నాడు! ఇక్కడ ఎ వైపు చాలా బలమైన వాదన ఉంది. పదిమందిలో ఎనిమిదిమంది "బి పారిపోతున్నాడు కాబట్టి హక్కు పోయింది" అని తేల్చేస్తారు. శరీర రక్షణ హక్కుకైతే ఆ మాట సరిపోవచ్చు. సెక్షన్ 40 ప్రకారం అది అపాయ భయం ఉన్నంతసేపే, కత్తి చేతిలో లేదు. ఆస్తి రక్షణ హక్కుకు మాత్రం ఇంకో గడియారం ఉంది. ప్రాక్టీసు మొదట్లో ఒక సెషన్స్ కేసులో మా సీనియర్ సాక్షిని గంటసేపు ఒకటే అడిగారు: రక్తపు మరక కిటికీకి ఇవతలా, అవతలా? అప్పుడు నాకు అర్థం కాలేదు. ఇవతలైతే అక్రమ ప్రవేశం ఇంకా నడుస్తోంది. ఆ గంట తర్వాత నేను వాస్తవాలు చదివే తీరే మారిపోయింది.

హక్కు ఉన్నా హద్దు ఉంది. అవసరానికి మించి హాని చేయకూడదు, సెక్షన్ 37. కుంటుతూ, ఆయుధం లేకుండా, వీపు చూపించి పోతున్న మనిషి తల మీద రెండు దెబ్బలు అవసరమా? ప్రాసిక్యూషన్ ఇక్కడ నిలబడుతుంది. ఆ గందరగోళంలో ఉన్న మనిషి చర్యను బంగారం తూచే త్రాసులో తూచకూడదని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. ఎ వైపు దాన్ని రాయండి. చీకటి, అప్పుడే తెగిన నిద్ర, మంచం కింద కత్తి మళ్లీ అందుకుంటాడేమోనన్న భయం. రెండు వైపులా రాయడమంటే ఇది, "ఒకవేళ కావచ్చు, కాకపోవచ్చు" అనడం కాదు.

హద్దు దాటాడని తేలితే సెక్షన్ 101 రెండో మినహాయింపు. సద్భావంతో, ముందస్తు పథకం లేకుండా, అవసరానికి మించి హాని చేయాలన్న ఉద్దేశం లేకుండా హక్కు పరిధి దాటితే హత్య కాదు. "మూలనున్న" అన్న మాట ఇప్పుడు పనికొస్తుంది, కర్ర ముందే సిద్ధం చేసుకున్నది కాదు. నేనైతే సెక్షన్ 105, అంటే హత్య కాని నేరపూరిత నరహత్య దగ్గర ఆగుతాను. మీరు నిర్దోషి అని తేల్చినా తప్పు కాదు, సెక్షన్ 43ని మోసుకొచ్చి తేల్చాలి అంతే.

రుజువు భారం గురించి రెండు వాక్యాలు తప్పకుండా రాయండి. నేరాన్ని ప్రాసిక్యూషన్ సహేతుకమైన సందేహానికి తావు లేకుండా నిరూపించాలి. మినహాయింపును నిందితుడు చూపించాలి (భారతీయ సాక్ష్య అధినియం, సెక్షన్ 108), కానీ అతనికి ఆ కొలత తక్కువ: తను చెప్పేదే జరిగి ఉండే అవకాశం ఎక్కువని చూపిస్తే చాలు.

మిగతా రక్షణలకు ఇదే కసరత్తు, వెతికే మాటలే వేరు. మతి స్థిమితం గురించి అడిగితే పని చేసిన క్షణం ముఖ్యం, దానికి ముందూ వెనకా ఏం చేశాడో ఆధారం. రక్తం కడిగాడా, పారిపోయాడా? తాగుడైతే తనే తాగాడా, తెలియకుండా తాగించారా అన్నది మొదటి ప్రశ్న. పొరపాటు వాస్తవానిదా, చట్టానిదా చూడాలి. 1959లో ఒరిస్సా హైకోర్టు, దయ్యాలనుకుని మనుషుల మీద కత్తి దూసిన రామ్ బహదూర్ థాపాను వాస్తవ పొరపాటు కింద వదిలేసింది. గురిపెట్టింది ఒకరిని, చచ్చింది వేరొకరైతే 1912 నాటి ముష్నూరు సూర్యనారాయణమూర్తి కేసు గుర్తుంచుకోండి. విషం కలిపిన హల్వా ఒకరికిస్తే చిన్నపిల్ల తిని చనిపోయింది, మద్రాసు హైకోర్టు హత్యేనంది.

ఇప్పుడు పై సమస్యనే తీసుకుని ఒక్క వాస్తవం మార్చండి. బి కిటికీ దాటి వీధిలో పడ్డాక ఎ బయటికెళ్లి కొట్టాడనుకోండి. మొత్తం జవాబు మళ్లీ రాయండి, ముప్పై నిమిషాల్లో, పుస్తకం మూసి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి ఎక్కడెక్కడ మారాయో ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి. సెక్షన్ 43 దగ్గర గుర్తు పడకపోతే మళ్లీ కూర్చోండి.