ఇంట్లోనే లెక్కలు – 5వ పాఠం: చుక్క తర్వాత ఏముంది?

ముందు గత పాఠంలో మిగిలిన లెక్క. 3/8 పెద్దదా, 2/5 పెద్దదా అని అడిగాను. రెండింటి హారాన్నీ 40 చేస్తే 15/40, 16/40 వస్తాయి. కాబట్టి 2/5 పెద్దది. హారాలు ఒకటయ్యాకే లవాలను పోల్చాలి అనుకున్నాం కదా, ఆ మాట ఇవాళ కూడా కావాలి.

మొన్న మా మేనకోడల్ని వెంటబెట్టుకుని చార్మినార్ పక్కన లాడ్‌బజార్‌కి వెళ్లాను. దానిది ఆరో తరగతి. మా వదినకు లక్క గాజులు కొనాలి, ఆమె సైజు 2.8. షాపతను "దో ఆఠ్ అయిపోయాయి, దో దస్ ఉన్నాయి" అని డబ్బా తీశాడు. దాని మీద 2.10 అని రాసి ఉంది. పిల్ల వెంటనే నా చెయ్యి లాగింది. "వద్దు అత్తా, 2.8 కంటే 2.10 చిన్నది. అమ్మ చేతికి ఎక్కవు." షాపతనేమో అవి పెద్దవి, వదులవుతాయని అంటాడు.

పిల్ల బడిలో నేర్చుకున్నది తప్పు కాదు. దశాంశాల్లో చుక్క తర్వాత మొదటి స్థానం పదో వంతులది, రెండోది వందో వంతులది. 2.8 అంటే 2 మీద 8/10, అంటే 80/100. 2.10 అంటే 2 మీద 10/100. హారం ఒకటయ్యాక 80 ముందు 10 చిన్నదేగా! ఇక్కడే చాలామంది పిల్లలు "ఎనిమిది కంటే పది పెద్దది" అని తప్పు చేస్తారు. 3.9, 3.12 ఇచ్చినా అంతే. టెన్షన్ పడకండి. తక్కువ అంకెలున్న చోట చివర సున్నా చేర్చి 3.90, 3.12 అని రాసుకోండి. ఏది పెద్దదో కంటికే తెలుస్తుంది.

మరి షాపతని మాట? అదీ నిజమే. గాజు సైజు అంటే లోపలి వ్యాసం, అంగుళాల్లో. అయితే గాజుల వాళ్లు అంగుళాన్ని పది ముక్కలు చెయ్యరు, పదహారు చేస్తారు. 2.8 అంటే 2 మీద 8/16, అంటే రెండున్నర అంగుళాలు. 2.10 అంటే 2 మీద 10/16. డబ్బా మీదున్నది దశాంశ బిందువు కాదు, రెండు అంకెల్ని విడదీసే గుర్తు మాత్రమే.

ఈ పదహారు మనకు కొత్తేమీ కాదు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేదాకా రూపాయికి పదహారు అణాలే. పావలా అంటే నాలుగు అణాలు, బేడ అంటే రెండు. పూర్తిగా, లోటు లేకుండా అనడానికి ఇప్పటికీ "పదహారణాలా" అంటాం. 2.4 సైజు గాజును మా నాయనమ్మ చూస్తే రెండుంబావు అనేసేది.

ఇప్పుడు 2.10 సైజును అసలు దశాంశంలోకి మారుద్దాం. 10/16ను సూక్ష్మీకరిస్తే 5/8. హారం 10, 100, 1000లలో ఏదో ఒకటి కావాలి. 8ని 125తో గుణిస్తే 1000, 5ని కూడా 125తో గుణిస్తే 625. కాబట్టి 5/8 = 0.625. గాజు వ్యాసం 2.625 అంగుళాలు. వదిన సైజు 2.5 అంగుళాలు. షాపతను గెలిచాడు!

నమ్మకం కుదరకపోతే ఇంట్లో 2.8 గాజు మీద స్కేలు పెట్టండి. అంగుళం 2.54 సెంటీమీటర్లు కాబట్టి లోపలి వ్యాసం 6.35 దగ్గర రావాలి.

క్రికెట్‌లోనూ ఇదే చిక్కు. 18.3 ఓవర్లలో 148 పరుగులు చేస్తే రన్ రేట్ ఎంత? ఓవర్‌కు ఆరు బంతులు, మూడు బంతులంటే అర ఓవర్. 148ని 18.5తో భాగించాలి. సరిగ్గా 8 వస్తుంది. 18.3తో భాగిస్తే లెక్క తప్పుతుంది. ఉప్పల్ స్టేడియంలో స్కోరు బోర్డు చూసినప్పుడు చేసి చూడండి, భలే సరదాగా ఉంటుంది.

వచ్చే పాఠానికి ఇవి చేసి ఉంచండి.

2.12 సైజు గాజు వ్యాసం దశాంశంలో ఎంత?

15.2 ఓవర్లలో 92 పరుగులు. రన్ రేట్ ఎంత? 2/6ను దశాంశంగా మార్చబోతే భాగహారం ఎంతకీ ఆగదు. భిన్నంగానే ఉంచి చెయ్యండి.

0.7, 0.605, 0.65, 0.07 – చిన్నదాని నుంచి పెద్దదాకా రాయండి.

ఇంకొకటి. ఒక గాజు చుట్టూ లోపలి అంచు వెంట దారం పెట్టి, దాని పొడవు కొలిచి రాసుకోండి. ఆ పొడవును లోపలి వ్యాసంతో భాగించండి. చిన్న గాజుతో ఒకసారి, పెద్ద గాజుతో ఒకసారి. వచ్చిన రెండు సంఖ్యలతోనే 6వ పాఠం మొదలుపెడదాం.