ఒక పాత నృత్యాన్ని ఆర్కైవ్ ఆధారాలతో పరిశోధించే పద్ధతి

నృత్య చరిత్ర మీద పని మొదలుపెట్టేవారు సాధారణంగా ‘ఆ నృత్యం ఎలా ఉండేది?’ అన్న ప్రశ్నతో ఆర్కైవ్‌కు వెళ్తారు. దానికి నేరుగా జవాబు చెప్పే కాగితం ఎక్కడా దొరకదు. దొరికేవి ప్రదర్శన రోజు పంచిన ప్రోగ్రాం పత్రాలు, ఫొటోలు, పత్రికల్లో వచ్చిన సమీక్షలు, సంగీత ప్రతుల అంచుల్లో రాసుకున్న గుర్తులు, దుస్తులు, ఫిల్మ్ రీళ్ళు, వీడియో టేపులు, నర్తకుల ఇంటర్వ్యూలు. వీటిలో చాలావాటిని ఎవరో తమ పని కోసం తయారు చేసుకున్నారే తప్ప పరిశోధకుల కోసం కాదు. కాబట్టి ఏ ఆధారం చేతికి వచ్చినా, అది ఎవరి అవసరానికి పుట్టింది, ఆ అవసరం వల్ల అందులోకి ఏది చేరింది, ఏది చేరలేదు అని ముందుగా అడగాలి.

ప్రశ్నను వీలైనంత చిన్నది చేసుకోండి. ఒక నర్తకి శైలి మొత్తాన్ని పట్టుకోవడం కన్నా ఒక నృత్య కృతి, ఒక సంవత్సరం, ఒక బృందం అని గీత గీసుకోవడం మేలు. ఎందుకంటే నర్తకులు మారినప్పుడల్లా కృతి కూడా ఎంతో కొంత మారుతుంది. వెతికేటప్పుడు నర్తకుల పేర్లతో ఆగిపోకుండా స్వరకర్త, రంగాలంకరణ చేసినవారు, నాటకశాల పేర్లతో కూడా వెతకండి. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో 1944లో మొదలైన జెరోమ్ రాబిన్స్ నృత్య విభాగం వంటివి నృత్యానికే అంకితమైనవి కానీ, చాలా సామగ్రి ఊహించని చోట్ల ఉంటుంది. రష్యన్ ఇంపీరియల్ బ్యాలే నృత్యాలను, కదలికలను గుర్తులతో రాసే స్టెపనోవ్ పద్ధతిలో రాసిన ప్రతులను, ఆ బృందంలో పనిచేసిన నికొలాయ్ సెర్గేయెవ్ విప్లవం తరువాత దేశం దాటించారు. అవి నేడు అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. పెట్టెలు తెప్పించుకునే ముందు ఆ సంగ్రహం సూచికను మొదటి నుంచి చివరి దాకా చదవండి. సామగ్రి ఎవరి దగ్గర నుంచి వచ్చిందో చెప్పే పేరా తరచుగా మిగిలిన పట్టిక అంతటికన్నా ఎక్కువ ఉపయోగపడుతుంది.

నృత్యలిపి, అంటే కదలికలను గుర్తులతో రాసిన ప్రతి, దొరికితే అదృష్టమే, కానీ అది కూడా పూర్తి చిత్రం ఇవ్వదు. 1700లో ఫ్రాన్స్‌లో ఫ్యూయె ప్రచురించిన లిపిలో కాగితమే వేదిక: నర్తకులు నడిచే దారిని గీతగా గీసి, దాని వెంట అడుగుల గుర్తులు పెట్టి, సంగీతంలోని తాళ విభాగాలను ఆ గీతకు అడ్డంగా చిన్న గీటులతో చూపుతారు. చేతుల కదలికలకు గుర్తులు ఉన్నా, మనకు మిగిలిన ప్రతుల్లో అవి అరుదుగా కనిపిస్తాయి. 1928లో రుడాల్ఫ్ లాబన్ ప్రకటించిన లిపిని కింది నుంచి పైకి చదవాలి. నడి గీతకు అటూ ఇటూ శరీరపు కుడి ఎడమ భాగాలు ఉంటాయి. గుర్తు ఆకారం దిశను, పొడవు కాల వ్యవధిని, లోపలి రంగు ఎత్తును చెబుతాయి: నల్లగా నింపితే కింది స్థాయి, మధ్యలో చుక్క ఉంటే నడి స్థాయి, ఏటవాలు గీతలుంటే పై స్థాయి. బ్రిటన్‌లో పుట్టిన బెనెష్ లిపి ఐదు గీతల మీద ఎడమ నుంచి కుడికి సాగుతుంది. ఆ గీతలు నేల, మోకాళ్ళు, నడుము, భుజాలు, తల పై అంచులకు సరిపోతాయి, నర్తకిని వెనుక వైపు నుంచి చూస్తున్నట్టు రాస్తారు. ఈ లిపుల్లో కనీసం ఒకదాన్ని చదవడం నేర్చుకోకుండా నృత్య చరిత్ర రాయడం, స్వరలిపి రాకుండా సంగీత చరిత్ర రాయడం వంటిదే. చదువుతూ లేచి నిలబడి ఆ కదలిక చేసి చూడండి. బరువు ఏ కాలి మీద ఉందో తెలియక తడబడే చోటే లిపి మౌనంగా ఉన్న చోటు.

ఫిల్మును చూసి తొందరగా నమ్మేస్తాం కాబట్టి అక్కడ మరింత జాగ్రత్త కావాలి. మూకీల కాలంలో సెకనుకు 16 నుంచి 20 ఫ్రేముల వేగంతో తీసిన రీళ్ళు చాలా ఉన్నాయి. 16 ఫ్రేములతో తీసిన దాన్ని 24 ఫ్రేముల వేగంతో ఆడిస్తే 3 నిమిషాల నృత్యం 2 నిమిషాల్లో ముగుస్తుంది. నర్తకి అడుగులు చురుకైనవని రాసిన వాక్యం అప్పుడు ప్రొజెక్టర్ గురించే అవుతుంది. సరిచూడటానికి గెంతులు ఉపయోగపడతాయి. ఒక గెంతులో నడుము సుమారు 45 సెంటీమీటర్లు లేచిందనుకుంటే, శరీరం గాలిలో దాదాపు 0.6 సెకన్లు ఉంటుంది. పాదాలు నేలను వదిలినప్పటి నుంచి మళ్ళీ తాకే దాకా 10 ఫ్రేములు లెక్కకు వస్తే చిత్రీకరణ వేగం 16కు దగ్గర, 14 లేదా 15 వస్తే 24కు దగ్గర. కొలవవలసింది నడుము లేచిన ఎత్తును, ముడుచుకున్న పాదాల ఎత్తును కాదు. రీలు మీది పేరును కూడా వెంటనే నమ్మవద్దు: అమెరికన్ నర్తకి లోయీ ఫుల్లర్ పేరుతో చెలామణీ అయిన తొలి నాటి చిత్రాలలో ఆమెను అనుకరించినవారే కనిపించే సందర్భాలు ఉన్నాయి. వీడియోలను ఈలాన్ (ELAN) వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, కాలరేఖ మీద అడుగులకు ఒక వరుస, చేతులకు ఒక వరుస, సంగీతానికి ఒక వరుస పెట్టి గుర్తించుకుంటే, కంటికి దాటిపోయే పునరావృత్తులు బయటపడతాయి.

పాత ఫొటోలు చాలా వరకు స్టూడియోలో నిలబెట్టి తీసినవి. ఎక్స్‌పోజర్ సమయం ఎక్కువ కాబట్టి కదలకుండా నిలవాల్సి వచ్చేది, అందుకే ఆ భంగిమ వేదిక మీద ఉండకపోయి ఉండవచ్చు. నెగటివ్ తిరగబడి ముద్రణ అయితే కుడి ఎడమలు మారతాయి. చొక్కా గుండీల వైపు, వెనుక కనిపించే అక్షరాలు చూసి తేల్చుకోండి. ప్రోగ్రాం పత్రం ముందే అచ్చవుతుంది కనుక ఆ రాత్రి నిజంగా ఎవరు ఆడారో మరునాటి సమీక్షలో చూడాలి.

జీవించి ఉన్న నర్తకులతో మాట్లాడేటప్పుడు కుర్చీలో కూర్చోబెట్టి ‘అప్పుడు ఏం చేశారు?’ అని అడిగితే కథలు వస్తాయి, కదలికలు రావు. ఆ సంగీతం వినిపించండి, లేచి నిలబడే చోటు ఇవ్వండి, పూర్తి శరీరం కనిపించేలా కెమెరా పెట్టండి. చెయ్యి మాటకన్నా ముందు కదులుతుంది, ఆ క్షణం రికార్డు కావాలి. వారు తడుముకుంటే మీకు తెలిసిన సమాధానం అందించకండి. ఆ సాయం తరువాత ఆధారంగా చెలామణీ అవుతుంది. రికార్డింగ్‌ను ఎవరు, ఎక్కడ, ఎలా వాడవచ్చో ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

ఆధారాలన్నీ దగ్గరకు చేర్చే పనికి మంచి ఉదాహరణ, రష్యన్ బ్యాలే నర్తకుడు నిజిన్‌స్కీ కూర్చగా 1913 మే 29న పారిస్‌లో తొలిసారి ప్రదర్శితమై, కొద్ది ప్రదర్శనలతోనే ఆగిపోయిన ‘వసంతార్చన’ (ది రైట్ ఆఫ్ స్ప్రింగ్) బ్యాలే. పరిశోధకులు మిలిసెంట్ హాడ్సన్, కెనెత్ ఆర్చర్ కలిసి, రిహార్సళ్ళలో నిజిన్‌స్కీకి సహాయపడిన మారీ రాంబేర్ సంగీత ప్రతి మీద రాసుకున్న గుర్తులు, వాలెంటీన్ గ్రోస్ గీసిన బొమ్మలు, మిగిలిన దుస్తులు, సమీక్షలు, జ్ఞాపకాలు ఒకదానితో ఒకటి సరిచూసి దాన్ని పునర్నిర్మించారు. 1987లో అమెరికాకు చెందిన జాఫ్రీ బ్యాలే బృందం దాన్ని ప్రదర్శించింది. ఇంకా పాత కాలానికి వెళ్తే శాస్త్రగ్రంథం, శిల్పం తప్ప తరచుగా పెద్దగా ఏమీ ఉండదు. 13వ శతాబ్దపు జాయప సేనాని నృత్యశాస్త్రాన్నీ, రామప్ప గుడి శిల్పాలనూ ఆధారం చేసుకుని నటరాజ రామకృష్ణ పేరిణిని మళ్ళీ వేదికకు తెచ్చారు. శిల్పం కదలికలో ఒక క్షణాన్ని మాత్రమే చూపుతుంది, అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చెప్పదు; ఆ ఖాళీని పునర్నిర్మించేవారి శిక్షణ, ఊహ పూరిస్తాయి. అది తప్పు కాదు. అయితే పరిశోధకులు తమ వ్యాసంలో ప్రతి కదలికకూ పక్కన నేరుగా ఆధారం ఉందా, రెండు ఆధారాల నుంచి ఊహించిందా, పూర్తిగా కొత్తగా చేర్చిందా అని విడివిడిగా గుర్తించాలి. ఈ మూడింటినీ కలిపి రాసిన వర్ణన ఎంత అందంగా ఉన్నా దాని మీద మరొకరు పని చేయలేరు.

ప్రచురణ దశలో, నృత్యం కూర్చినవారి హక్కు, సంగీతం హక్కు, ఫిల్ము తీసినవారి హక్కు వేరువేరు వ్యక్తుల చేతుల్లో ఉండవచ్చు కాబట్టి ఒక చిత్రం వాడటానికి రెండు మూడు అనుమతులు పట్టవచ్చు. మీరు తీసిన ఇంటర్వ్యూలు, గుర్తించిన వీడియోలు, కదలికల పట్టికలు పని పూర్తయిన వెంటనే, తేదీ, స్థలం, పాల్గొన్నవారి వివరాలతో పాటు ఒక ఆర్కైవ్‌కు అప్పగించండి. వీడియో టేపులు ఏళ్ళు గడిచే కొద్దీ పాడవుతాయి, వాటిని ఆడించే యంత్రాలు అంతకన్నా ముందే దొరకకుండా పోతాయి. మీ దగ్గర పాత టేపులు ఉంటే డిజిటల్ ప్రతి చేయించే పనిని వ్యాసం పూర్తయ్యే దాకా ఆపవద్దు.